గౌరవనీయులైన పీకేజీరెల్ గారికి

అయ్యా,

నల్లగొండ నుంచి నమస్కారాలు. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీని ఎలా కట్టాలో చెప్పే ఏపీకేబిల్డ్ ఫైలులో, అసలు వెర్షన్ చెప్పే పీకేజీవెర్ కింది వరుసలో, అదే వెర్షన్‌ను ఎన్నోసారి తిరిగి కట్టామో చెప్పే అంకెగా తమరు కొలువై ఉంటారు. ఒక అంకె, మహా అయితే రెండు. అంత చిన్న ఒంటితో నా ఆదివారం మధ్యాహ్నాన్ని ఎలా మింగగలిగారో కనుక్కుందామనే ఈ లేఖ.

దేవరకొండలో ఉన్న మా బావ పాత ఫోనులో మొబైల్ లినక్స్ వేసి ఇచ్చాను. అన్నీ పనిచేస్తాయి, కాల్ వచ్చినప్పుడు అవతలి గొంతు వినిపించడం తప్ప. డివైస్ ట్రీలో, అంటే ఫోనులో ఏ భాగాలున్నాయో కెర్నల్‌కు (లినక్స్ గుండెకాయకు) చెప్పే ఫైలులో, ఒక్క వరుస మారిస్తే అది కూడా బాగైంది. సాయంత్రానికి అప్‌డేట్ వస్తుందని బావకు మాటిచ్చాను. ఆ మార్పును ప్యాచ్‌గా చేర్చి, ఫైళ్లు సరైనవేనని రుజువు చేసే 128 అక్షరాల షా512 చెక్‌సమ్ సరిచేసి (ఆయన మీద కోపం వేరే ఉత్తరానికి దాచుకున్నాను), తమరికి 2 నుంచి 3కు పదోన్నతి ఇచ్చి, నా మార్పును కలుపుకోమని మెర్జ్ రిక్వెస్టు పంపాను.

బావ ఫోనులా స్నాప్‌డ్రాగన్ 410 చిప్ ఉన్న ఫోన్లు ఎన్నో ఒకే కెర్నల్ ప్యాకేజీని పంచుకుంటాయి కనుక ఆ గుమ్మం దగ్గర రద్దీ ఎక్కువ. ఎవరో మహానుభావుడు కెర్నల్ కాన్ఫిగ్‌లో (సెట్టింగుల ఫైలులో) ఏదో ఆన్ చేసి, తానూ తమరిని 3 చేసి, నాకంటే ముందు లోపలికి దూరాడు. ఇద్దరమూ 3 అనే రాశాం కాబట్టి అందరి మార్పులను కలిపే గిట్‌కు తగాదా ఏమీ కనిపించలేదు. తనిఖీ స్క్రిప్టు మాత్రం ఎర్ర రంగులో తీర్పు చెప్పింది: ప్యాకేజీ మారింది, వెర్షన్ పెరగలేదు. పెరగలేదట! ఈ చేత్తోనే కదండీ పెంచాను!

సరే, 4 చేశాను. కెర్నల్ మళ్లీ మొదటి నుంచి కంపైల్ కావాలి. క్లాక్ టవర్ సెంటర్ దాకా వెళ్లి చాయ్ తాగి వచ్చినా అది ఇంకా డ్రైవర్ల దగ్గరే ఉంది. అది ముగిసేలోపు ఇంకెవరో కొత్త కెర్నల్ విడుదలను ఎక్కించారు. పీకేజీవెర్ పెరిగితే తమరు సున్నాకు దిగాలని నియమం. నేను 4 పట్టుకుని నిలబడితే తమరు 0 దగ్గర కాళ్లు చాపుకుని కూర్చున్నారు. ఈసారి గిట్‌కు తగాదా కనిపించింది.

బావ మా అక్క ఫోను నుంచి చేశాడు. "ఏం బామ్మర్దీ, అప్‌డేట్ అన్నావు, ఏదీ?"

"ప్యాచ్ సిద్ధంగానే ఉంది బావా. దాని మీద ఒక అంకె పడాలి."

తహసీల్దారు కార్యాలయంలో పనిచేసే మనిషి, వెంటనే అర్థం చేసుకున్నాడు. "ఓ, ఇన్‌వర్డ్ నంబరా? అయితే వారం చూసుకో."

ఇప్పుడు నేరుగా అడుగుతున్నాను. నువ్వు పెరగలేదని పట్టుకోగల స్క్రిప్టుకు నీకు ఒకటి కలపడం రాదా? ఫెడోరా అనే మరో లినక్స్‌లో ఆటోరిలీజ్ అని ఒకటుంది. కమిట్ల (నమోదైన మార్పుల) చరిత్ర చూసి ఆ అంకెను తనే లెక్కించుకుంటుంది. మా మొబైల్ లినక్స్‌కు తల్లి అయిన ఆల్పైన్ నుంచి వారసత్వంగా వచ్చిన నువ్వు మాత్రం ఇంకా మనిషి వేలి కోసం ఎదురు చూస్తావు. నీ పక్కనే లైసెన్స్ వరుస ఉంది, జీపీఎల్-2.0 అని రాస్తే "ఓన్లీ"నా (ఆ వెర్షన్ ఒక్కటేనా), "ఆర్ లేటర్"నా (తర్వాతివీ సరేనా) అని నిలదీస్తుంది. ఆ ప్రశ్నకు కనీసం ఒక అర్థముంది, ఎందుకంటే జవాబు మనిషికే తెలుస్తుంది. ఒకటీ ఒకటీ కలిపితే రెండని చెప్పడానికి మనిషెందుకు?

నువ్వు పనికిరానివాడివని అనను. ఏదైనా లైబ్రరీ సోనేమ్ (మిగతా ప్రోగ్రాములు దాన్ని వెతుక్కునే పేరు) మారినప్పుడు, దాని మీద ఆధారపడిన ప్యాకేజీలను కోడ్ ముట్టుకోకుండానే తిరిగి కట్టించి ఫోన్ల దాకా చేర్చేది నువ్వే. నువ్వు కదలకపోతే ఆ వెర్షన్ ఇప్పటికే ఉందనుకుని బిల్డ్ సర్వరు అటు తిరిగి పడుకుంటుంది. అంత అధికారం ఉన్నవాడివి కాబట్టే ఈ ఒళ్లుమంట.

ప్రస్తుతం తమరు 1. కంపైల్ నడుస్తోంది. తెల్లవారేలోపు తమరిని ఇంకెవరైనా ముట్టుకున్నారా, కెర్నల్ జోలికి ఇక వెళ్లను. బావకు ఇయర్‌ఫోన్లు కొనిచ్చేస్తాను.

ఇట్లు,
ఫైలు మొదటి వరుసలో "మెయింటెయినర్" అని పేరు పడ్డ పాపానికి,
తమ విధేయుడు