వాక్‌మన్ మరమ్మతుపై శ్వేతపత్రం

మా ఇంట్లో పంతొమ్మిది రోజులుగా జరుగుతున్న పరిణామాల మీద అపార్ట్‌మెంట్‌లో రకరకాల పుకార్లు షికారు చేస్తున్నాయి. కాబట్టి వాస్తవాలు ప్రజల ముందుంచడం నా బాధ్యత. వంటింటి కొళాయి కారుతున్న మాట నిజమే. వాషర్ ఖరీదు పది రూపాయలన్న మాటా నిజమే. కానీ ఆ పని చూడ్డానికి నేను ఖాళీగా లేను. మా మేనమామ 1989లో కువైట్ నుంచి తెచ్చిన వాక్‌మన్ బాగుచేస్తున్నాను.

అసలు వాక్‌మన్ అన్న పేరు సోనీ వాళ్లది. మొదటిదాన్ని 1979 జులై 1న జపాన్‌లో 33,000 యెన్లకు అమ్మకానికి పెట్టారు. మామయ్య తెచ్చింది వేరే కంపెనీది, పేరు చెప్పను. వనస్పతి ఎవరు చేసినా డాల్డా అయినట్టు, చెవులకు తగిలించుకుని నడవగలిగిందల్లా మనకు వాక్‌మనే. సోనీవాళ్ల మొదటిదానికి ఇద్దరు కలిసి వినడానికి రెండు సాకెట్లు, పాట మధ్యలో మాట్లాడుకోవాలనిపిస్తే నొక్కడానికి ఒక నారింజరంగు బటన్ ఉండేవి. దాంపత్యం మీద జపాన్‌వాళ్లకు ఎంత నమ్మకమో చూడండి. మాదానికి ఒకటే సాకెట్.

సంక్రాంతికి అటక దులుపుతుంటే దొరికింది. కొత్త సెల్లు రెండు వేసి బటన్ నొక్కితే లోపల మోటారు జుయ్యిమంది గానీ క్యాసెట్‌లో చక్రం కదల్లేదు. మోటారు బతికుండి చక్రం తిరగలేదంటే బెల్ట్ పోయినట్టే. ఈ రోగనిర్ధారణకు నాకు పట్టిన సమయం నాలుగు సెకన్లు. ఆ నాలుగు సెకన్ల గర్వమే తర్వాతి పంతొమ్మిది రోజులకు మూలకారణమని మా ఆవిడ అభిప్రాయం.

స్క్రూలు ఊడదీశాను. ఏ స్క్రూ ఎక్కడిదో కలిసిపోకుండా ఇడ్లీ ప్లేటు తెచ్చుకుని ఒక్కో గుంటలో ఒక్కో రకం వేశాను. ఇంతకన్నా శాస్త్రీయమైన పరికరం ఏ ప్రయోగశాలలోనూ ఉండదు. మూత తీసి చూస్తే లోపల బెల్ట్ లేదు. బెల్ట్ ఉండాల్సిన చోట తారు ఉంది. కొన్ని రకాల బెల్టులు ఏళ్ల తరబడి గాలిలో తేమ పీల్చి కరిగి జిగురైపోతాయి. ఆ జిగురు ముందు నా చూపుడువేలికి అంటింది. దాన్ని తుడవబోతే బొటనవేలికి, అక్కణ్నుంచి టీవీ రిమోట్‌కి, ఫ్రిజ్ హ్యాండిల్‌కి, మా ఆవిడ ఆరేసిన తెల్ల దుప్పటికి ప్రయాణించింది. పాల ప్యాకెట్ మీద నా వేలిముద్ర ఎంత చక్కగా పడిందంటే, ఆధార్ సెంటర్‌లో ఆరుసార్లు నొక్కినా అలా పడలేదు. మెడికల్ షాపుకి వెళ్లి స్పిరిట్ సీసా, రెండు డబ్బాల ఇయర్‌బడ్స్ అడిగితే షాపతను జాలిగా, "పెద్ద దెబ్బే తగిలిందా సార్?" అన్నాడు. తగిలిందన్నాను.

కొత్త బెల్ట్ కోసం కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్లాను. "పాతది తెచ్చారా? సైజు చూడాలి" అన్నారు. పాతది నా గోళ్ల సందుల్లో ఉందని చూపించాను. వాళ్లు నవ్వలేదు. ఇలాంటివాళ్లను చాలామందిని చూసినట్టున్నారు. ఇంటికొచ్చి చక్రాల చుట్టూ కుట్టుదారం చుట్టి కొలిచి, బెల్ట్ బిగుతుగా ఉండాలి కాబట్టి అందులో 5 శాతం తగ్గించి, మళ్లీ కోఠీ వెళ్లాను. బెల్ట్ 40 రూపాయలు, ఆటోలకు 460. ఆ ఆటో డబ్బుతో నలభై ఆరు వాషర్లు వచ్చేవని ఇంట్లో ఆడిట్ అభ్యంతరం నమోదైంది.

బెల్ట్ వేశాక చక్రం తిరిగింది, పాట వచ్చింది. కానీ ఎవరి పాటో తెలియలేదు. క్యాసెట్‌లో రీలు సెకనుకు 4.76 సెంటీమీటర్ల చొప్పున నడవాలి. అది 6 శాతం పెరిగితే చాలు, పాట మొత్తం ఒక స్వరస్థానం పైకెక్కుతుంది. దీన్ని సరిచేయడానికి సర్క్యూట్ మీద కందిగింజంత స్క్రూ ఒకటుంది. ఇటు తిప్పితే సుశీలమ్మ బాలుగారయ్యారు, అటు తిప్పితే బాలుగారు సుశీలమ్మయ్యారు. మధ్యలో ఒకచోట ఇద్దరూ కలిసి మా హౌసింగ్ సొసైటీ సెక్రటరీ అయ్యారు. వెంటనే ఆపేశాను.

నిపుణులైతే 3,000 హెర్ట్జ్ శబ్దం రికార్డు చేసిన టెస్ట్ క్యాసెట్ పెట్టి కొలుస్తారు. నా దగ్గర అది లేదు. రాత్రి పదకొండున్నరకు డైనింగ్ టేబుల్ దగ్గర తల పట్టుకుని కూర్చున్నప్పుడు వినిపించింది: టప్. టప్. టప్. వాచీ పెట్టుకుని లెక్కపెట్టాను. నిమిషానికి 52 బొట్లు. తెల్లారి లెక్కపెట్టినా 52. పాటలో తాళాన్ని దానితో సరిచూస్తూ స్క్రూ తిప్పుకుంటూ పోవచ్చు. ప్రకృతి ప్రసాదించిన ఇంతటి ప్రామాణిక గడియారాన్ని వాషర్ వేసి ఆపేయమంటే ఎలా ఆపుతాను?

"ఫోన్లో అదే పాట పెట్టుకుని పోల్చుకోవచ్చు కదండీ?" అంది మా ఆవిడ. అది స్వావలంబనకు విరుద్ధం. పైగా ఫోన్లో పాట వినేటట్టయితే వాక్‌మన్ ఎందుకు, ఈ పంతొమ్మిది రోజులు ఎందుకు అనే ప్రశ్నలు తలెత్తుతాయి. బాధ్యత గల ఇంటిపెద్ద అలాంటి ప్రశ్నలు తలెత్తనివ్వడు. జపాన్‌లో సోనీ క్యాసెట్ వాక్‌మన్ల తయారీ 2010లో ఆపేసింది. అంటే ఇప్పుడు ఈ భారం నాలాంటి కొద్దిమంది మీదే ఉంది.

ఇరవయ్యో రోజు పొద్దున నేను స్నానానికి వెళ్లిన సమయం చూసి ప్లంబర్‌ని పిలిపించారు. ఎనిమిది నిమిషాల్లో పని అయిపోయింది. నేను తువ్వాలుతో బయటికొచ్చేసరికి ఇల్లు భయంకరమైన నిశ్శబ్దంలో ఉంది. ప్లంబర్ మాత్రం డైనింగ్ టేబుల్ దగ్గర నిలబడి వాక్‌మన్ వంకే చూస్తున్నాడు.

"వాక్‌మనా సార్? మీరే బాగుచేసిన్రా?"

అయిదు రోజుల్లో అయిపోతుందన్నాను.

"మా ఇంట్ల టూ-ఇన్-వన్ ఉంది సార్. మా నాయనది. రెండు బెల్టులు పోయినయంట. చూస్తరా?"

సాయంత్రానికి గోనెసంచిలో తెచ్చి దించాడు. దానికి పద్నాలుగు స్క్రూలు. ఉన్న ఇడ్లీ ప్లేటు సరిపోక రెండోది కూడా తీసుకున్నాను.

"రేపట్నుంచి ఉప్మా" అంది మా ఆవిడ.