మూడు చుట్ల బైండింగ్ తీగ

ఏకపాత్ర నాటకం అంటే ఒక్కడే ఆడతాడనుకుంటారు. ఒక్కడే కనపడతాడు, అంతే. మొన్న ఆదివారం బరంపురంలో మేం వేసిన ప్రహ్లాదుడి కథకి తెర వెనక నలుగురం ఉన్నాం. లైట్లకొకడు, ఢోలుకొకడు, సాంబ్రాణి పొగకొకడు, స్తంభం తాడు లాగడానికి నేను. నలుగురం కలిసి ఒక్కణ్ణి స్తంభంలోంచి బయటికి తేలేకపోయాం. నైలాన్ తాడు కోసిన అరచెయ్యి ఇంకా మండుతోంది, ఆ మంట ఉండగానే రాసేస్తున్నాను.

మా జనం సంగతి కాస్త చెప్పాలి. 1936 ఏప్రిల్ 1న (తేదీ చూసి నవ్వకండి) ఒడిశా ఏర్పడిన దగ్గర్నుంచి బరంపురం తెలుగువాళ్లం ఇటువైపు. తెలుగు నాటకమైనా హాల్లో సగంమంది ఒడియావాళ్లుంటారు. వాళ్లకి ఈ కథ కొత్త కాదు. 19వ శతాబ్దంలో జలంత్ర సంస్థానంలో పుట్టిన ప్రహ్లాద నాటకాన్ని గంజాం పల్లెల్లో ఇప్పటికీ తెల్లవార్లూ ఆడతారు. మెట్లుమెట్లుగా కట్టిన చెక్కగద్దె మీద హిరణ్యకశిపుడు ఎక్కుతూ దిగుతూ అదరగొడతాడు. నరసింహుడి ముఖోటాకి, అంటే మొహానికి పెట్టుకునే ముసుగుకి, పూజ చేస్తారు. అది పెట్టుకున్నవాడికి పూనకం వస్తే పట్టుకోడానికి మనుషులు సిద్ధంగా ఉంటారు. అలాంటివాళ్ల ముందు స్తంభం సీను వెయ్యడమంటే హనుమంతుడి ముందు కుప్పిగంతులే. అయినా వేశాం.

మాది యాభై నిమిషాల ఆట. కథ చెప్పేవాడే అందరూ అవుతాడు. ఉత్తరీయం భుజాన ఉంటే హిరణ్యకశిపుడు, తలమీదికొస్తే లీలావతి, నడుముకి చుడితే ప్రహ్లాదుడు. చూపు కూడా పాత్రతోపాటు మారాలి. తండ్రి కుడివైపు కిందికి చూస్తే కొడుకు ఎడంవైపు పైకి చూడాలి. ఇద్దరూ ఒకేవైపు చూశారా, చూసేవాళ్లకి పిచ్చివాడు తనలో తను మాట్లాడుకుంటున్నట్టుంటుంది. ఏనుగు, పాము, విషం, నిప్పు, కొండమీంచి తొయ్యడం - ఐదు గండాలూ ఆ ఒక్క గుడ్డతోనే. తొండమూ అదే, పడగా అదే. ఐదింట్లోనూ పిల్లాడు చక్కగా బతికి బయటపడ్డాడు. చప్పట్లు కూడా పడ్డాయి. అక్కడే దణ్ణం పెట్టేసి దిగిపోవాల్సింది.

ఇక స్తంభం. పదకొండు రోజులు కట్టాం కాబట్టి కొలతలు చెప్పుకోనివ్వండి. ఏడడుగుల ఎత్తు, రెండడుగుల మూడంగుళాల అడ్డం. వెనక రెండు సరుగుడు కర్రలు, వాటి మధ్య మనిషి దూరేందుకు అడుగున్నర సందు. ముందువైపు తలుపుల్లా తెరుచుకునే రెండు రెక్కలు, వాటికి పద్నాలుగంగుళాలకొకటి చొప్పున ఏడు వరసల వెదురు దబ్బలు. వాటిమీద కోరాగుడ్డ, గుడ్డమీద నాలుగు పొరల పాత పేపరు. జిగురు మైదాపిండి ఉడికించిందే, కానీ అందులో మైలుతుత్తం కలపాలి. లేకపోతే బొద్దింకలు ప్రీమియర్ షో వేసేస్తాయి. గోపాల్‌పూర్ సముద్రం పక్కనే కాబట్టి ఇక్కడ గాలికి ఇనుము తుప్పు పడుతుంది, పేపరు మెత్తబడుతుంది. అందుకని ప్రతి పొరా ఒకరోజు పూర్తిగా ఎండాకే తర్వాతి పొర.

రెక్కలు రెండూ కలిసే చోట మూడు జతల రింగులు, ఒక్కో జతలో ఒక్కో చీల. మూడు చీలలూ ఒకే తాడుకి ముడి. తాడు పైన కప్పీ మీదుగా పక్క తెర దాకా వస్తుంది. అర అడుగు లాగితే మూడూ ఒక్కసారే రావాలి. ముళ్ల మధ్య తాడు వదులుగా ఉంటే పైచీల వచ్చేసి కిందిది ఆగిపోతుంది, దేవుడు నడుం దాకానే వస్తాడు. చీలలకి కొబ్బరినూనె రాస్తే దుమ్ము పట్టి బిగుస్తాయి, కొవ్వొత్తి మైనం రుద్దాలి. చీల ఊడగానే రెక్కల్ని వెనక్కి గుంజడానికి సైకిల్ ట్యూబు కోసిన పట్టీలు. అడుగున పలక లేదు, చట్రమే. అది కదలకుండా రెండు ఇసుక బస్తాలు. రిహార్సల్లో పద్దెనిమిది సార్లు లాగితే పద్దెనిమిది సార్లూ ఫట్‌మని తెరుచుకుంది.

సాయంత్రం ఆరున్నరకి మొదలన్నారు. ముఖ్య అతిథి ఏడూ యాభైకి వచ్చారు. ఆయన పేరు నేను రాయను. ఆ పూట మైకులో చెప్పినన్నిసార్లు చాలు. జ్యోతి వెలిగించడం, శాలువాలు, ఉపన్యాసాలు అయ్యేసరికి ఎనిమిదీ నలభై. తొమ్మిదిన్నరకి మెయిన్ కట్టేస్తానని హాలు కాపలాదారు ముందే చెప్పాడు. పొగ మిషను పెట్టనివ్వనన్నాడు కాబట్టే కొబ్బరిపీచు నిప్పుల మీద సాంబ్రాణి. యాభై నిమిషాల ఆటని పక్కతెర చాటున నిలబడి నలభైకి కోసుకున్నాం.

ఈలోపు కమిటీవాళ్లు స్టేజీ మీదికి వెళ్లి చూశారట. స్తంభం బోసిగా కనపడిందట. పాపం, ఊరుకోలేకపోయారు.

స్తంభం స్టేజీ వెనకభాగంలో చీకట్లో ఉంటుంది. చివరిదాకా దానిమీద వెలుగు పడకూడదు, మా గొప్ప ఐడియా అదే. నటుడు ముందు వెలుగులో ఆడుకుంటాడు, నేను పక్కనించి దాని వీపే చూస్తాను. కాబట్టి ఆ ముప్పై ఎనిమిది నిమిషాలూ మాకెవరికీ ఏమీ తెలీదు. పద్యం అందుకున్నాడు. హాల్లో సగంమంది గొంతు కలిపారు, అది ఈ పద్యానికి ఎప్పుడూ ఉన్నదే. గద ఎత్తి వెనక్కి తిరిగి, "ఈ స్తంభమున గలడా నీ హరి?" అని గర్జించాడు. లైట్లవాడు ఎర్రకాగితం కట్టిన వెయ్యి వాట్ల లైటు స్తంభం మీద వేశాడు.

చీకట్లోంచి ఎర్రగా, సరిగ్గా నాలుగడుగుల ఎత్తున, చేతులు జోడించి, పళ్లన్నీ కనపడేలా నవ్వుతూ అతిథిగారు.

మూడడుగుల ఫ్లెక్స్. కింద మూడు లిపుల్లో స్వాగతం. తెలుగులో 'హార్థిక' అని ఉంది, ఆ ఒత్తు సంగతి ఇంకోసారి మాట్లాడుకుందాం.

ఏకపాత్రలో ఉన్న చిక్కల్లా ఇదే. అడిగినవాడే జవాబు కూడా చెప్పుకోవాలి. ఇంకో నటుడుంటే వాడి నెత్తిన పడేసి ఊరుకోవచ్చు. మావాడు ఉత్తరీయం భుజం మీంచి తీశాడు. నడుముకి చుట్టాడు. ముడి వేశాడు. రిహార్సల్లో ముడి వెయ్యడం లేదు, అది ఆలోచించుకోడానికి వేసిన ముడి. ఎడంవైపు తిరిగి పైకి చూశాడు. పైకి చూస్తే లైటు, కిందికి చూస్తే ముందువరసలో సాక్షాత్తూ ఆయన. తప్పలేదు. స్తంభం వైపు చెయ్యి చాపి, చిన్నపిల్లాడి గొంతుతో, "ఉన్నాడు తండ్రీ" అన్నాడు.

ముందువరసంతా చప్పట్లు. అతిథిగారు సోఫాలోంచి సగం లేచి, వెనక్కి తిరిగి జనానికి నమస్కారం పెట్టారు. స్తంభం మీద ఒక నమస్కారం, కింద ఒక నమస్కారం. మధ్యలో మావాడు, చేతిలో గద. ముడి విప్పి ఉత్తరీయం మళ్లీ భుజం మీదికి తెచ్చుకోవాలి, తెచ్చుకుంటే కొట్టాలి. కొట్టకపోతే కథ లేదు. గురి ఎక్కడంటే రెండో జత రింగుల దగ్గర, అంటే ఆయన ముక్కు.

ఆ గద ప్లాస్టిక్ బంతికి వెండికాగితం అంటించింది. దానికి చప్పుడుండదు, ఢోలువాడు కలుపుతాడు. అది పేపరు పొరల మీద మాటని ఎవరికి తెలుసు! ఫ్లెక్స్ మీద పడేసరికి అచ్చం చెంపమీద కొట్టిన చప్పుడు. ఢోలువాడు బిత్తరపోయి కలపడం మానేశాడు. అందుచేత హాలంతటికీ ఆ ఒక్క చప్పుడే వినపడింది.

నేను తాడు లాగాను. చీలలు మూడూ వెన్నలో వెంట్రుకలా వచ్చేశాయి, మైనంలో లోపం లేదు. రెక్కలు మాత్రం తెరుచుకోలేదు. ఎందుకంటే ఆ ఫ్లెక్స్ జారకుండా స్తంభం చుట్టూ మూడు చుట్లు బైండింగ్ తీగ తిప్పి, వెనక పట్టుకారుతో మెలేశారు. సన్నతీగ, చీకట్లో కనపడదు. ఇంత గట్టిగా ఈ ఊళ్లో ఎవరూ ఏ పనీ చెయ్యరు. ఆ ఒక్కటే చేశారు.

రెండోసారి కొట్టాడు. మూడోసారి కూడా. ముందువరసలో చప్పట్లు ఆగిపోయాయి. లోపల సాంబ్రాణి పొగ నిండిపోయి స్తంభం పైనించి రైసుమిల్లు గొట్టంలా వస్తోంది.

"ఏటమ్మా, నేడా అందుల?" అంది వెనక ఒక ముసలమ్మ, నిజంగానే బెంగపడి.

"టికే రుహ, ఆసిబే," అని ఓదార్చాడు పక్కనున్న ఒడియా పెద్దాయన. కాసేపాగండి, వస్తారు అని. దేవుడికి టైం పడుతుందని వాళ్లకి తెలుసు. తొమ్మిదిన్నరకి మెయిన్ కట్టేస్తారని దేవుడికి తెలీదు.

లైట్లవాడు అనుకున్న ప్రకారం చీకటి చేసేశాడు. తొమ్మిది సెకన్లలో మావాడు వెనక సందులోంచి లోపలికి దూరి, ముఖోటా తగిలించుకుని, గర్జిస్తూ రావాలి. తీగ కింద నించి వంగి దూరాడు. తగిలించుకున్నాడు. రెక్కలు తోశాడు. రాలేదు. కాలర్ మైకు ఆన్‌లోనే ఉంది.

"తాడు లాగరా!" అంది స్తంభం, హాలు దద్దరిల్లేలా.

"లాగీసేను బావా!" అన్నాను. నాకు మైకు లేదు కానీ గొంతుంది.

"ఏటి లాగీసేవు? నీ..." తర్వాతి మాట ప్రహ్లాదుడి కథలో లేదు.

భుజంతో తోశాడు. అప్పుడు తెలిసిన రెండో సంగతి, ఇసుక బస్తాలు రెండూ గేటు దగ్గర అతిథిగారి ఇంకో కటౌట్ పడిపోకుండా కాపలా కాస్తున్నాయని. బస్తాల్లేని చట్రం మనిషితోపాటు కదిలింది. లైటు మళ్లీ వచ్చేసరికి ఏడడుగుల స్తంభం, నెత్తిమీద పొగతో, పొట్టమీద నవ్వు మొహంతో, అడుగులో అడుగు వేసుకుంటూ ముందువరసకేసి నడుస్తోంది. ఒడియా పెద్దాయన లేచి చేతులు జోడించాడు. అతిథిగారు సోఫా దాటారు.

తొమ్మిదిన్నరకి ఒక్క నిమిషం కూడా అటూఇటూ కాకుండా మెయిన్ ఆగిపోయింది. కొట్టుకి పరిగెత్తి అడిగితే కాపలాదారు పట్టుకారు కమిటీవాళ్లు పట్టుకెళ్లారన్నాడు. తిరిగొచ్చేసరికి కమిటీ పెద్దమనిషి టార్చి పట్టుకుని స్తంభం పక్కనే నిలబడి ఉన్నాడు. లోపల మావాడు దగ్గుతున్నాడు.

"మెల్లిగా విప్పండి బావూ," అన్నాడు పెద్దమనిషి. "ఫ్లెక్స్ చిరగ్గూడదు, రేపు కూడా ఇదే కట్టాలి."