క్యాన్సర్ అంటేనే వింటారా?

మా చెల్లి పొత్తికడుపు మీద వల అల్లినట్టు గోధుమరంగు మచ్చలుంటాయి. ఏళ్ల తరబడి వేడినీళ్ల సంచి పెట్టుకోగా పడిన మచ్చలవి. పదహారో ఏట నుంచి నెలకు మూడు రోజులు ముడుచుకుని పడుకునేది. "ఆడపిల్లలందరికీ ఉండేదే, పెళ్లయితే తగ్గుతుంది" అన్నారు. పెళ్లయ్యాక "ఒక కాన్పు అయితే సర్దుకుంటుంది" అన్నారు. అది ఎండోమెట్రియోసిస్ అని, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది దాని బయట పెరిగే జబ్బని తేలడానికి తొమ్మిదేళ్లు పట్టింది.

పోయిన నెల స్కానింగులో అండాశయం మీద చాక్లెట్ సిస్టు, అంటే ఈ జబ్బు వల్ల పాత రక్తం నిండిన తిత్తి కనిపించింది. రక్తపరీక్షలో సీఏ-125 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉంది; అండాశయ క్యాన్సర్‌లో పెరిగేది అదే. ఇక ఇల్లంతా ఏడుపులే. తొమ్మిదేళ్ల నొప్పికి చలించని వాళ్లు క్యాన్సర్ అన్న అనుమానానికి కుప్పకూలిపోయారు. నా కోపమంతా అక్కడే.

సీఏ-125 ఎండోమెట్రియోసిస్‌లోనూ పెరుగుతుంది, నెలసరి రోజుల్లోనూ పెరుగుతుంది. ఆ ఒక్క అంకెను బట్టి క్యాన్సర్ అని తేల్చకూడదు. అలాగని రెంటికీ సంబంధమే లేదని నేననను. ఈ జబ్బులోంచి అండాశయ క్యాన్సర్ పుట్టవచ్చని అమెరికా వైద్యుడు జాన్ శాంప్సన్ 1925లోనే రాశాడు. 2024లో యూటా రాష్ట్ర మహిళల మీద వెలువడిన అధ్యయనం ఈ జబ్బు లేనివారితో పోలిస్తే ఆ ముప్పు 4.2 రెట్లని, అండాశయ సిస్టులు గానీ లోతుగా పాకిన రకం గానీ ఉన్నవారిలో 9.7 రెట్లని చెప్పింది. మా బంధువుల ఫోన్లలో ఈ రెట్లే తిరిగాయి. అదే అధ్యయనంలోని రెండో లెక్క ఎవరూ పంపలేదు: పదివేల మందిలో అదనంగా వచ్చేవి సుమారు 10 కేసులు. అండాశయ క్యాన్సర్ మొదటి నుంచీ అరుదైనది కాబట్టి రెట్లు పెరిగినా సంఖ్య చిన్నదే.

ఒక పెద్దావిడ అయితే "ఎందుకొచ్చిన బాధ, గర్భసంచి తీయించేయండి" అంది. చెల్లి వయసు ఇరవై ఏడు! గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో మన రెండు రాష్ట్రాలూ దేశంలోనే పైవరుసలో ఉన్నాయంటే ఇలాంటి సలహాల పుణ్యం కూడా ఉంది. అండాశయాలు ఉంచి గర్భసంచి తీస్తే సిస్టు ఎక్కడికీ పోదు. అండాశయాలూ తీసేస్తే ఆ వయసులోనే మెనోపాజ్ వచ్చి ఎముకలు, గుండె దెబ్బతినే ముప్పు ఉంది. కావలసింది సిస్టును కనిపెట్టి ఉండడం: పెరుగుతోందా, లోపల గట్టి భాగాలు వస్తున్నాయా అని.

ఎమ్మారైలో అలాంటివేమీ లేవని తేలింది. అందరూ తేలికపడి లేచారు. చెల్లి మాత్రం కుర్చీలోనే కూర్చుని "మరి నొప్పి సంగతి ఏమిటి డాక్టర్?" అని అడిగింది. "ఇంకా నొప్పేమిటే, క్యాన్సర్ కాదన్నారుగా, పద" అంది మా అమ్మ.