బంగారు గడియారం పిల్లాడి చేతికిచ్చిన మహర్షి

రవీంద్రనాథ్ ఠాగూర్ గురించి మన పిల్లలకు చెబుతాం. ఆయన తండ్రి దేవేంద్రనాథ్ గురించి మాత్రం పిల్లల కంటే తల్లిదండ్రులమైన మనమే తెలుసుకోవాలి. మత సంస్కరణ కోసం బెంగాల్‌లో పుట్టిన బ్రహ్మసమాజానికి పెద్దదిక్కు, జనం మహర్షి అని పిలుచుకున్న మనిషి. ఆయన ఇంటికి వచ్చారంటే ఇల్లంతా ఒద్దికగా మారిపోయేది. 1873లో, 12 ఏళ్లు నిండని రవీంద్రుడికి ఉపనయనం చేయించి, హిమాలయాలకు వెంటబెట్టుకు వెళ్లారు.

దారిలో బెంగాల్‌లోని బోల్‌పూర్‌లో ఆగినప్పుడు తన ఖరీదైన బంగారు గడియారం తీసి, రోజూ దానికి కీ ఇవ్వడం నీ పని అని అప్పగించారు. కుర్రాడు ఉత్సాహం కొద్దీ తిప్పీ తిప్పీ, చివరికి దాన్ని కలకత్తాకు రిపేరుకు పంపించాల్సి వచ్చింది. కొంచెం చిల్లర ఇచ్చి లెక్క రాయమన్నారు. ఆ లెక్క ఎప్పుడూ కుదిరేది కాదు. ఒకరోజు ఉండాల్సిన దానికన్నా ఎక్కువే తేలింది. నీ చేతిలో డబ్బు పెరుగుతోంది, నిన్నే నా ఖజాంచీగా పెట్టుకోవాలి అన్నారట తండ్రి. పిల్లాడు వాగుల వెంట తిరిగి ఏరుకొచ్చిన గులకరాళ్లు చూసి కూడా, ఇవేం చెత్త అనలేదు. తాను ప్రార్థనకు కూర్చునే మట్టిదిబ్బను వాటితో అలంకరించమన్నారు.

అలాగని గారాబమేమీ లేదు. హిమాలయాల్లోని డల్హౌసీ కొండల్లో తెల్లవారకముందే లేపి సంస్కృత శబ్దాలు వల్లె వేయించేవారు. సూర్యోదయానికి ఉపనిషత్తులు, తర్వాత నడక, ఇంగ్లీషు పాఠం, ఆపైన మంచులాంటి నీళ్లతో స్నానం. అందులో చెంబెడు వేడినీళ్లు కలిపే ధైర్యం నౌకర్లకు లేదు. మధ్యాహ్నం పాఠంలో పిల్లాడు కునికితే మాత్రం వదిలేసేవారు. ఇక చేతికర్ర పుచ్చుకుని కొండ నుంచి కొండకు ఒక్కడే తిరిగేవాడు. పడిపోతావని తండ్రి ఏనాడూ ఆపలేదు.

ఆయన్ని ఆదర్శ తండ్రిని చేయాలని నేను రాయడం లేదు. ఏడాదిలో చాలాకాలం ఊళ్లు పట్టి తిరిగేవారు, పిల్లలు నౌకర్ల అదుపులో పెరిగారు. ఆ లోటును రవీంద్రుడే రాసుకున్నాడు.

కానీ ఆ కొద్ది నెలల్లో ఆయన చేసిన పని విదేశాల్లో ఉంటున్న మన ఇళ్లలో కనబడటం లేదు. తెల్లవారుజాము పాఠం మనకూ ఉంది. శ్లోకాల పోటీ, స్పెల్లింగ్ బీ అనే ఇంగ్లీషు స్పెల్లింగుల పోటీ, మ్యాథ్ క్లాసు, ఆదివారం గుడి, అన్నీ ఉన్నాయి. పిల్లాడు చురుగ్గా ఉన్నాడని తెలిస్తే ఇంకో క్లాసు తగిలిస్తాం. వాడి చేతికి మాత్రం ఏదీ ఇవ్వం. ఫోన్‌లో వాడి లొకేషన్ మన కళ్ల ముందే ఉండాలి. స్కూలు ప్రాజెక్టు అట్టముక్క కూడా మనమే కత్తిరించి అతికిస్తాం, వంకర పోతుందని.

ఈ వేసవిలో చాలామందిమి ఇండియా వెళ్తున్నాం. 11, 12 ఏళ్ల పిల్లలున్నవాళ్లు ఒక పని చేసి చూడండి. తిరుపతి ప్రయాణం ఖర్చు లెక్క వాళ్లకు అప్పగించండి. ఆటో డబ్బులు, టిఫిన్ బిల్లు, హుండీలో వేసేది, అంతా వాళ్ల చేతి మీదుగానే జరగనివ్వండి. రాత్రి లెక్క తేలకపోతే, పక్కన కూర్చుని వినండి. పెన్ను మాత్రం వాళ్ల చేతిలోంచి లాక్కోవద్దు.