గిన్నెలు కడగడానికి స్కాట్లాండ్ దాకా వెళ్ళాలా?

స్కాట్లాండ్‌లో ఒక క్రైస్తవ సమాజంలో ఏడాది వాలంటీరుగా ఉండి వచ్చాను. "జీతం లేకుండా ఏడాదిపాటు అక్కడ గిన్నెలు కడిగి, బాత్రూములు తోమి వచ్చావా?" అని నవ్వేవాళ్ళు ఒక రకం. "ఎంత గొప్ప పరిచర్య బ్రదర్, దేవునికి స్తోత్రం" అనేవాళ్ళు ఇంకో రకం. మొదటివాళ్ళకి నేను పిచ్చోణ్ణి, రెండోవాళ్ళకి పరిశుద్ధుణ్ణి. రెండూ కాదు మొర్రో అని చెప్పడానికే ఈ పోస్టు. పొడుగ్గా ఉంటుంది, తీరిగ్గా చదవండి.

తలుపులు తెరిచిపెట్టుకునే క్రైస్తవ సమాజాలు అటువైపు చాలానే ఉన్నాయి. కొంతమంది కలిసి ఒకచోట ఉంటారు, ప్రార్థన, వంట, పని అన్నీ కలిసే. బయటివాళ్ళెవరైనా వచ్చి నాలుగు రోజులు ఉండి వెళ్ళొచ్చు. అందరికీ తెలిసినది అయోనా. 563లో కొలంబా అనే సన్యాసి ఐర్లాండ్ నుంచి పడవలో వచ్చి మఠం పెట్టిన చిన్న స్కాట్లాండ్ ద్వీపం అది. జార్జ్ మెక్లాయిడ్ అనే పాస్టరు గ్లాస్గోలో ఓడలు కట్టే గోవన్ పేటలో పనిచేస్తూ, ఆర్థికమాంద్యంలో పనుల్లేక కూర్చున్న మనుషుల్ని చూశాడు. 1938లో పనివాళ్ళనీ, పాస్టర్లు కాబోతున్న కుర్రాళ్ళనీ ఆ ద్వీపానికి తీసుకెళ్ళి, కూలిపోయిన మఠం గదుల్ని మళ్ళీ కట్టించడం మొదలుపెట్టాడు. నాకు బాగా నచ్చిందేంటంటే, అక్కడ మేస్త్రీ పని పనివాళ్ళది, కూలి పని కాబోయే అయ్యగార్లది. మన దగ్గర ఊహించండి.

ఉత్తర ఐర్లాండ్‌లో కొరిమీలా అని ఇలాంటి సమాజమే ఇంకోటి ఉంది. 1965లో మొదలైంది. పెట్టినాయన రే డేవీ, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్లకి ఖైదీగా ఉండి డ్రెస్డెన్ నగరం బూడిదవడం చూసినవాడు. కేథలిక్కులూ ప్రొటెస్టెంట్లూ ఒకరి వీధిలోకి ఒకరు వెళ్ళని రోజుల్లో ఇద్దరినీ ఒకే కప్పు కింద కూర్చోబెట్టారు. నేనున్నది ఈ రెండూ కాదు, ఇదే పద్ధతిలో నడిచే ఇంకో చిన్న చోటు. కింద కొన్ని ఫిర్యాదులున్నాయి కాబట్టి పేరు చెప్పను.

నా పని గురించి చెప్పాలంటే గోడ మీద ఎవరికి ఏ పనో రాసే రోటా బోర్డుతో మొదలుపెట్టాలి. పొద్దున వంటింట్లో పారిడ్జ్ (ఓట్స్ జావ) గిన్నె. రాత్రే నానబెట్టకపోతే ఆ అడుగంటిన ఓట్స్ సిమెంటే. తర్వాత గదులు. ఎర్ర గుడ్డ టాయిలెట్లకి, ఆకుపచ్చ గుడ్డ వంటింటికి, నీలం గుడ్డ మిగతావాటికి. రంగు తప్పితే హౌస్ కీపింగ్ చూసే పెద్దావిడ ఒక్క మాటా అనదు, చూస్తుంది, అంతే. ఆ చూపు కంటే తిట్టినా నయం. పాత గెస్టులు వెళ్ళి కొత్తవాళ్ళు వచ్చే రోజైతే పక్కలన్నీ విప్పి, ఉతికి, మళ్ళీ వేసేసరికి నడుము ఉండేది కాదు. ఇంట్లో తాగిన గ్లాసు కూడా తీయనివాణ్ణి ఇలా చూస్తే మా అమ్మ నవ్వాలో ఏడవాలో తెలియక ఫోన్ పెట్టేసేది.

గెస్టులు కూడా పని చెయ్యాలి. డబ్బు కట్టి వచ్చినా సరే. ఒకసారి ఒక పెద్దాయనకి టాయిలెట్ల డ్యూటీ పడింది. బాగా చదువుకున్నవాడు, మాట తీరు చూస్తేనే తెలుస్తుంది. "నేను డబ్బులు కట్టాను కదా" అన్నాడు. వార్డెన్ ఎంత మర్యాదగా చెప్పిందో! "అవునండీ, అందుకే గ్లవ్స్ కొత్తవి ఇస్తున్నాం." ఆయన చేశాడు. మూడో రోజుకి నాకే చెప్తున్నాడు, అద్దం తుడవడానికి పొడి గుడ్డ వాడాలోయ్ అని.

అయోనాలో ఉదయం ఆరాధన చివర ఆశీర్వాదం చెప్పరు. లేచి నిలబడి అలాగే పనిలోకి వెళ్ళిపోతారు. ఆరాధన అయిపోలేదు, పనిలో సాగుతోందని వాళ్ళ లెక్క. నేను ఇరవై ఏళ్ళుగా ఎన్ని ప్రసంగాలు విన్నానో, అవన్నీ చెప్పలేనిది ఆ చెప్పకుండా వదిలేసిన ఒక్క ఆశీర్వాదం చెప్పింది.

"అక్కడికెళ్తే విశ్వాసం చల్లారిపోతుందేమోరా" అని మా పిన్ని భయం. నా గదిలో ఉండే జర్మన్ కుర్రాడు దేవుణ్ణి నమ్మడు. రోజూ ప్రార్థనకి మాత్రం వచ్చేవాడు, పాటలు బాగుంటాయని. బాప్తిస్మం తీసుకున్నావా అని వాణ్ణి గానీ నన్ను గానీ అడిగినవాళ్ళు లేరు. నా విశ్వాసానికేం కాలేదు పిన్నీ. పైగా, రోజూ వాడి ప్రశ్నలకి జవాబు వెతుక్కోవాల్సి వచ్చి బైబిల్ మామూలు కంటే ఎక్కువే చదివాను.

ఇక ఫిర్యాదులు. దేవుని "పిలుపు" అనే మాటని అక్కడా తెగ వాడేస్తారు. మనిషి తక్కువైతే పిలుపు. సెలవు రోజున పిలిస్తే అదీ పిలుపే. గదీ భోజనం ఇచ్చి, చేతి ఖర్చుకి కొంచెం ఇచ్చి, వాలంటీరు అలసిపోతే "ప్రార్థన చేసుకో" అంటే ఒళ్ళు మండదా? ప్రార్థన చేసుకుంటా, ముందు నా సెలవు నాకివ్వండి. వారం వారం కొత్త మనుషులతో స్నేహం చేసి వీడ్కోలు చెప్పడం కూడా పనే. దానికి రోటాలో గడి ఉండదు.

ఇంకోటి. తలుపు తెరిచే ఉంది, కానీ దాని ముందు ఎంబసీ ఉంది. మనలాంటివాళ్ళకి జీతం లేని ఈ పనికి కూడా చారిటీ వర్కర్ వీసా కావాలి, గరిష్ఠంగా పన్నెండు నెలలు. ఫీజు, అక్కడి ప్రభుత్వ వైద్యానికి ముందే కట్టే హెల్త్ సర్‌చార్జ్, టికెట్ కలిపితే మా ఊళ్ళో మంచి బైకు వస్తుంది. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుంచి బయటికొచ్చిన బ్రెగ్జిట్ దెబ్బకి 2021 నుంచి యూరప్ పిల్లలకీ ఈ తిప్పలు మొదలయ్యాయి, అప్పుడు గానీ వీసాల గురించి గట్టిగా మాట్లాడలేదు వీళ్ళు.

అయినా వాళ్ళని అనేముందు మన సంగతి చూడాలి. 1910లో ఎడిన్‌బరో మిషనరీ సభలో వి.ఎస్. అజరయ్య లేచి, మీరు పేదలకి ఆస్తులిచ్చారు, ప్రాణాలూ ఇచ్చారు, మాకు ప్రేమ కావాలి, స్నేహితుల్ని ఇవ్వండి అన్నాడు. తమిళాయన, పనిచేసింది మన డోర్నకల్‌లో. తెల్ల మిషనరీలు మనవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకుని తినరని ఆయన బాధ. రెండేళ్ళకి డోర్నకల్ బిషప్ అయ్యాడు, భారతీయుల్లో మొదటి ఆంగ్లికన్ బిషప్. ఆయన మాట మనం ఎంత గర్వంగా చెప్పుకుంటాం! మరి ఎన్నో ఊళ్ళల్లో మాలపల్లెలో ఒక మందిరం, మాదిగపల్లెలో ఒక మందిరం ఎందుకున్నాయి? కొత్తగా వచ్చినవాణ్ణి వందనాలు చెప్పీ చెప్పగానే ఇంటిపేరు ఎందుకడుగుతాం? ప్రేమవిందు అయ్యాక ఎంగిలి విస్తళ్ళు ఎత్తే చేతులు ప్రతి ఏడూ అవే చేతులు ఎందుకవుతాయి? పరిశుద్ధ గురువారం నాడు పాదాలు కడుగుతూ ఫొటో దిగడం ఎవరైనా చేస్తారు. శుక్రవారం డెగిసాలు ఎవరు తోముతారో చెప్పండి.

అందుకే ఈ వేసవి యూత్ క్యాంపుకి రోటా బోర్డు పెడదామని సంఘం వాట్సాప్ గ్రూపులో రాశాను. అయ్యగారితో సహా అందరి పేర్లూ, టాయిలెట్లతో సహా అన్ని పనులూ, చీటీలు తీసి. అయ్యగారు బొటనవేలు ఎమోజీ పెట్టారు. నలుగురు కుర్రాళ్ళు మేం రెడీ అన్నారు. సెక్రటరీగారు మాత్రం, "మంచి ఆలోచన బ్రదర్, కానీ ఈసారి మొత్తం క్యాటరింగ్ వాళ్ళకి ఇచ్చేశాం" అన్నారు. టాయిలెట్లు కూడానా అండీ అని అడిగాను. ఆయన ఆ మెసేజ్ ఇంకా చూడలేదు.