షార్ట్ సేల్: ఇంటితో పాటు పరువు కూడా ఎందుకు పోవాలి?

ఇల్లు అమ్మగా వచ్చే సొమ్ము దాని మీది అప్పుకు చాలనప్పుడు, వచ్చినంత తీసుకుని తనఖా వదిలేయడానికి బ్యాంకు ఒప్పుకుంటే జరిగే అమ్మకమే షార్ట్ సేల్ అని, 2008 సంక్షోభాన్ని దగ్గరగా చూసిన అమెరికా తెలుగువారికి వేరే చెప్పనక్కరలేదు. బ్యాంకుల నుంచి ఇంటి రుణాలను కొనే అమెరికా సంస్థ ఫ్యానీ మే నిబంధనల ప్రకారం ఫోర్‌క్లోజర్ (బాకీ కింద బ్యాంకు ఇంటిని జప్తు చేసుకోవడం) అయితే మళ్లీ ఇంటి రుణానికి 7 సంవత్సరాలు ఆగాలి, షార్ట్ సేల్ అయితే 4 చాలు. ఈ మేలు నిజమే కానీ, దాన్ని పొందడానికి ఆ కుటుంబం పడే క్షోభ ఎవరి లెక్కలోకీ రావడం లేదు.

ఆ క్షోభకు కారణం ఇల్లు పోవడం కన్నా అది పోయే తీరు. అమ్మేవారు ముందుగా బ్యాంకుకు హార్డ్‌షిప్ లెటర్ రాయాలి. ఉద్యోగం ఎలా పోయిందో, ఆస్పత్రికి ఎంతయిందో, కాపురం ఎందుకు చెదిరిందో, ఇంటి గుట్టంతా ముక్కూ మొహం తెలియని ఒక ఉద్యోగికి విన్నవించుకోవాలి. జీతం రసీదులు, ఖాతాల వివరాలు, పన్ను రిటర్నులు జతచేయాలి; జవాబు ఆలస్యమైతే, అవి పాతబడ్డాయి కాబట్టి కొత్తవి పంపమంటారు. తమకు డాలరు కూడా మిగలని ఆ అమ్మకం కోసం ఇంటిని రోజూ అద్దంలా ఉంచి, చూసేవాళ్లు వచ్చే వేళకు పిల్లలను తీసుకుని బయటకు వెళ్లిపోవాలి. గృహప్రవేశం నాడు పాలు పొంగించిన వంటగదిలో ఎవరో అల్మరాలు తెరిచి చూసుకుంటూ ఉంటారు. బ్యాంకు నెలల తరబడి తేల్చకపోతే, విసిగిన కొనుగోలుదారు తప్పుకుని కథ మొదటికి వస్తుంది.

మనవాళ్లకు దీనిపై మరో బరువు ఉంది. ‘ఐపీ పెట్టాడు’ అన్న మాటకు చట్టంలో దివాలా దరఖాస్తు అనే అర్థం. ఊళ్లో మాత్రం పదిమంది సొమ్ము ఎగ్గొట్టాడని అర్థం. ఆ మాట వింటూ పెరిగినవారు డల్లాస్‌లో ఉన్నా ఫీనిక్స్‌లో ఉన్నా, ఇల్లు అమ్ముతున్న సంగతి అమ్మానాన్నలకు కూడా చెప్పలేరు.

తాహతుకు మించి కొన్నవారి అప్పు తగ్గిస్తే, వాయిదాలు తప్పకుండా కట్టినవారికి అన్యాయం కాదా అని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. అయితే ఆ రుణం ఇచ్చేటప్పుడు తాహతు చూడవలసిన బాధ్యత బ్యాంకుది కూడా.

అసలు అప్పు తీర్చి తీరాలన్న ఈ నీతి అందరికీ ఒకేలా వర్తించిందా? వాయిదాలు ఆపేసే యజమానులు తమ కుటుంబానికి, పిల్లలకు, స్నేహితులకు ఏం సందేశం ఇస్తున్నట్టని 2009 చివర్లో అమెరికా మార్ట్‌గేజ్ బ్యాంకర్స్ అసోసియేషన్ అధిపతి జాన్ కోర్సన్ ప్రశ్నించారు. 2010 ఫిబ్రవరిలో ఆ సంఘమే, 7.5 కోట్ల డాలర్ల అప్పుతో కొన్న తన వాషింగ్టన్ ప్రధాన కార్యాలయాన్ని 4.13 కోట్లకు అమ్మేసింది. సంస్థ చేస్తే వ్యాపార నిర్ణయం, కుటుంబం చేస్తే శీలలోపం! బ్యాంకులు మార్కెట్ లెక్కన నడుచుకుంటూ ఉంటే ఇంటివారిని మాత్రం సిగ్గు, భయం కట్టిపడేస్తున్నాయని అరిజోనా విశ్వవిద్యాలయ న్యాయశాస్త్ర ఆచార్యుడు బ్రెంట్ వైట్ అప్పట్లోనే ఎత్తిచూపారు. 2010 ఏప్రిల్‌లో మొదలైన, షార్ట్ సేల్‌కు తోడ్పడే అమెరికా ప్రభుత్వ హాఫా పథకం మిగిలిన అప్పును రద్దు చేయించి, ఇల్లు మారే ఖర్చుకు 3,000 డాలర్లు ఇచ్చింది. 2011లో కాలిఫోర్నియా చట్టం కూడా అమ్మినవారిని మిగతా బాకీ అడగకూడదంది. డబ్బు సంగతి ఇలా తేల్చగలిగినప్పుడు, ఆదాయం, అప్పు, ఇంటి ధర అనే మూడు అంకెలతో తేలే వ్యవహారానికి ఆ దీనాలాపన లేఖ ఎందుకు? దాన్ని వెంటనే ఎత్తివేయాలి.

మన దేశంలోనూ ఇదే పక్షపాతం కనిపిస్తుంది. 2016 దివాలా స్మృతి కింద కంపెనీల బకాయిల్లో బ్యాంకులు వదులుకునే భాగాన్ని ‘హెయిర్‌కట్’ అంటారు, ఆ ప్రక్రియను ‘పరిష్కారం’ అంటారు. ఇంటి రుణం కట్టలేని గుమస్తాకు మాత్రం తనఖా ఆస్తిని కోర్టుకు వెళ్లకుండానే బ్యాంకు స్వాధీనం చేసుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద తలుపు మీద నోటీసు అంటిస్తారు, దాన్నే పత్రికల్లోనూ వేస్తారు. అదే స్మృతిలో సామాన్య వ్యక్తుల కోసం రాసిన అధ్యాయాలు ఇంతవరకు అమల్లోకి రాలేదు. గుంటూరులోనో ఏలూరులోనో అప్పులపాలైన మనిషి నేటికీ 1920 నాటి చట్టం కిందే ఐపీ పెట్టుకోవాలి.