బిగ్ బ్యాంగ్ కూలిపోలేదు, తూకం దగ్గరే పేచీ

జేమ్స్ వెబ్ టెలిస్కోప్ ఏ పాత గెలాక్సీని చూపించినా మా అనంతపురం వాట్సాప్ గ్రూపుల్లో అదే వీడియో తిరుగుతుంది, విశ్వం ఒక మహా విస్ఫోటంతో మొదలైందనే బిగ్ బ్యాంగ్ అబద్ధమని తేలిపోయిందట! ఈ గోల 2023లో ఆరు గెలాక్సీలతో ముదిరింది. విశ్వం పుట్టిన 50 నుంచి 70 కోట్ల ఏళ్లకే ఉన్న వాటిలో ఒకటి దాదాపు పదివేల కోట్ల సూర్యుల బరువుంటుందని లెక్క తేలేసరికి, అంత తక్కువ కాలంలో అంత బరువెలా పెరిగిందని శాస్త్రవేత్తలే తలలు పట్టుకున్నారు.

చిక్కంతా వాయువు దగ్గరుంది. గెలాక్సీకి ఎంత వాయువు అందినా అందులో నక్షత్రాలుగా మారేది మామూలుగా ఐదో వంతు దాటదు. పడ్డ వానెంత, బోరుకు దిగిందెంత అని ఏటా చూసుకునే మా శెనక్కాయ రైతుకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. అక్కడ వాయువును తరిమేసేది అప్పుడే పుట్టిన పెద్ద నక్షత్రాలే, వాటి వెలుగూ గాలులూ, ఆ తర్వాత సూపర్‌నోవా పేలుళ్లూ కలిసి దాన్ని కాగబెట్టి బయటికి నెట్టేస్తాయి. కానీ ఎంత పెద్ద నక్షత్రమైనా పేలడానికి సుమారు ముప్పై లక్షల ఏళ్లు పడుతుంది కదా, తొలి రోజుల్లో వాయువు మరీ దట్టంగా ఉండేది కాబట్టి ఆలోపే నక్షత్రాలు గుంపులుగా పుట్టేసి ఉంటాయని ఒక వాదన. నాకు ఇదే నమ్మబుద్ధేస్తోంది. వెబ్ ఎగరక ముందే ఎస్‌పీటీ0311-58 అనే గెలాక్సీ దొరికింది, విశ్వానికి 78 కోట్ల ఏళ్లప్పుడు అది ఏడాదికి సుమారు 2,900 సూర్యులకు సరిపడా నక్షత్రాలను పుట్టిస్తోంది. మన పాలపుంత ఏడాదికి ఒకటో రెండో!

ఇక తూకం. గెలాక్సీని కాటా మీద పెట్టలేం, వెలుగును బట్టి బరువు అంచనా వేయాలి. భారీ నక్షత్రాలు ఎక్కువుంటే తక్కువ బరువుకే బోలెడు వెలుగొస్తుంది, నల్లబిలంలోకి పడే వాయువు వెలుగును కూడా నక్షత్రాల ఖాతాలో వేశామంటే లెక్క పూర్తిగా గల్లంతే. 2024లో ఒక బృందం, 'చిన్న ఎర్ర చుక్కలు' అని పిలిచే అలాంటి అనుమానపు సరుకును పక్కనపెట్టి మళ్లీ లెక్కేస్తే మిగిలినవి బిగ్ బ్యాంగ్ సిద్ధాంతంలోనే ఇమిడాయి. అయినా భారీ గెలాక్సీలు అనుకున్నదానికి దాదాపు రెట్టింపున్నాయి, దాన్ని దాచిపెట్టాల్సిన పనీ లేదు.

భారీ గెలాక్సీలు అలా రెట్టింపుండటం వాయువు వృథా కాకుండా నక్షత్రాలుగా మారడం వల్లా, తూకంలో పొరపాటు వల్లా అన్నది వెలుగు ఒక్కటే చూస్తే తేలదు. 2025లో ఆల్మా టెలిస్కోపుతో, విశ్వానికి 30 కోట్ల ఏళ్లు కూడా నిండని నాటి జేడ్స్-జీఎస్-జెడ్14-0 గెలాక్సీలో ఆక్సిజన్ దొరికింది. ఆక్సిజన్ తయారయ్యేది నక్షత్రాల్లోనే, అది ఉందంటే అప్పటికే అక్కడ నక్షత్రాలు పుట్టి, బతికి, పేలిపోయాయన్నమాట. వీడియోల వాళ్లకు ఇది ఎక్కదు గానీ, నేనైతే ఇకమీదట ఇలాంటి ఆక్సిజన్ లెక్కల వార్తలకే ఎదురుచూస్తా.